కార్టెల్, పనిమనిషి, సరిహద్దు కంచె: అమెరికా తెర మీద లాటినోలు ఇంతేనా?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్పుకుంటాను. హైదరాబాద్‌లో ఉండగా కార్టెల్ (డ్రగ్స్ ముఠా) సీరీస్‌లు వరసపెట్టి చూశారు. ఎమ్మెస్‌కి డాలస్ వచ్చాక రూమ్మేట్లు "ఆ వైపు అపార్ట్‌మెంట్ వద్దు, అదంతా మెక్సికన్ల ఏరియా" అన్నారు. మీ క్లాసులో ఒక లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) అమ్మాయి మాత్రం, మీరు తెర మీద చూసినవన్నీ మూసపాత్రలేనని గట్టిగా చెప్పింది. కార్టెళ్ళు నిజంగా ఉన్నవే కదా, ఉన్నదాన్ని చూపిస్తే మూస ఎలా అవుతుందన్నది మీ సందేహం.

న్యాయమైన సందేహమే. కార్టెళ్ళు ఉన్నాయి. కొలంబియాలో డ్రగ్స్ ముఠా నాయకుడు ఎస్కోబార్ చంపించిన మనుషులూ నిజంగా బతికినవాళ్ళే. అయినా మీ క్లాస్‌మేట్ చెప్పింది కూడా సరైన మాటే. ఒక్కో పాత్రను విడిగా పట్టుకుని ఇది నిజమా అబద్ధమా అని అడిగితే ఈ విషయం తేలదు. తెర మీద మొత్తం ఎంతమంది లాటినోలు కనిపిస్తున్నారు, అందులో ఎంతమంది ఆ ఒకే రకం మనుషులు అని చూడాలి. చెడ్డవాడిగా చూపించడం వల్ల జరిగిన నష్టం కన్నా మామూలు మనిషిగా చూపించకపోవడం వల్ల జరిగిన నష్టమే ఎక్కువని నా గట్టి అభిప్రాయం.

నేను టెక్సాస్‌లో ఒక లోకల్ టీవీ స్టేషన్‌లో చాలా ఏళ్ళు వీడియో ఎడిటర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఒక కమ్యూనిటీ కాలేజీలో మీడియా పాఠాలు చెబుతున్నాను. నా క్లాసులో సగానికి పైగా లాటినో పిల్లలే. కాబట్టి సినిమాల సంగతి చదివీ చూసీ తెలుసుకున్నాను, వార్తల సంగతి మాత్రం చేతులతో చేసి తెలుసుకున్నాను.

మొదట అసలు వీళ్ళెవరో చూద్దాం. 2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు (ప్రభుత్వ లెక్కల్లో హిస్పానిక్‌లు) 6.2 కోట్ల మంది. జనాభాలో 18.7 శాతం. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరన్నమాట. వీళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఇక్కడే పుట్టారు. ప్రతి ఐదుగురిలో నలుగురు అమెరికా పౌరులు. అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ ద్వీపం ప్యూర్టోరికో వాళ్ళు 1917 నుంచీ పౌరులే. న్యూయార్క్ రావడానికి వాళ్ళకు వీసా అక్కర్లేదు. ఇక మీరుంటున్న టెక్సాసే ఒకప్పుడు మెక్సికోలో భాగం. 1848లో మెక్సికోతో యుద్ధం ముగిసి ఒప్పందం కుదిరాక కాలిఫోర్నియా, న్యూమెక్సికో వంటి ప్రాంతాలు కూడా అమెరికాకు వచ్చాయి. అక్కడి కుటుంబాలు ఉన్న ఊళ్ళోనే ఉన్నాయి, దేశం మారింది. మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటిపోయిందని వాళ్ళ మనవలు ఈనాటికీ అంటారు. మయామీలోని క్యూబా కుటుంబానికీ, లాస్ ఏంజెలెస్‌లోని ఎల్‌సాల్వడార్ కుటుంబానికీ, శాన్ ఆంటోనియోలో ఐదో తరం మెక్సికన్ అమెరికన్ కుటుంబానికీ తిండి వేరు, యాస వేరు, ఓటు వేరు, ఒంటి రంగు వేరు. చాలామంది పిల్లలకు స్పానిష్ రాదు కూడా. మా క్లాసులో అమ్మమ్మతో మాట్లాడటానికి స్పానిష్ నేర్చుకుంటున్నవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు తెర సంగతి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని అనెన్‌బర్గ్ పరిశోధకులు 2007 నుంచి 2019 వరకు ఏడాదికి వంద చొప్పున బాగా ఆడిన 1,300 సినిమాలను పరిశీలించారు. మాటలున్న పాత్రల్లో లాటినోలు 5 శాతం. ప్రధాన పాత్రల్లో 3.5 శాతం. జనంలో ఐదో వంతు ఉన్నవాళ్ళు తెర మీద ఇరవయ్యో వంతు. ఆ కొద్దిమందిలో పెద్ద భాగం నేరస్తులో, సేవకులో, కోపిష్టి అందగత్తెలో అయితే ప్రేక్షకుడి బుర్రలో ఏం మిగులుతుంది?

ఇటాలియన్ అమెరికన్ల మీద కూడా మాఫియా సినిమాలు బోలెడు వచ్చాయి కదా అని మీరు అడగవచ్చు. వచ్చాయి, వాళ్ళూ బాధపడ్డారు, సంఘాలు పెట్టి నిరసన తెలిపారు. కానీ అదే తెర మీద ఇటాలియన్ పేరున్న పోలీసు, డాక్టరు, బాక్సరు, ప్రేమికుడు, తండ్రి వందల సంఖ్యలో కనిపించారు. ఒక మాఫియా డాన్ మొత్తం జాతికి ప్రతినిధి కాలేకపోయాడు. మన దగ్గర చూడండి. ఒక దశలో సీమ అనగానే బాంబులు, సుమోలు, వేటకొడవళ్ళే చూపించిన సినిమాలు వరసగా వచ్చాయి. ఫ్యాక్షన్ అబద్ధం కాదు. కానీ అనంతపురంలో వేరుశనగ రైతు, కడపలో లెక్కల మాస్టారు, కర్నూల్లో బట్టల కొట్టు యజమాని ఆ సినిమాల్లో లేరు. సీమ పిల్లలు హైదరాబాద్ హాస్టళ్ళలో "మీ ఇంట్లో బాంబులున్నాయా?" అన్న ప్రశ్న వినాల్సి వచ్చింది. లాటినోలకు ఇది వందేళ్ళకు పైగా, ప్రపంచమంతా చూసే పరిశ్రమ చేతిలో జరిగింది.

వందేళ్ళు అన్నది ఊరికే అనలేదు. మూకీల కాలంలోనే మెక్సికన్‌ను కించపరిచే 'గ్రీజర్' అన్న తిట్టును సినిమా పేర్లలోనే పెట్టారు. 1908లో దర్శకుడు గ్రిఫిత్ తీసిన ఒక చిన్న సినిమా పేరులో ఆ మాట ఉంది, ఆ తర్వాత అలాంటి పేర్లతో మరికొన్ని వచ్చాయి. మాసిన గడ్డం, పెద్ద టోపీ, దొంగచూపు, చేతిలో తుపాకీ: బందిపోటు పాత్రకు ఆకారం అప్పుడే ఖాయమైంది. మెక్సికో ప్రభుత్వానికి విసుగెత్తి, తమ దేశాన్ని అవమానించే సినిమాలు తీసే కంపెనీల బొమ్మలను 1922లో నిషేధించింది. అప్పుడు స్టూడియోలు కొంచెం వెనక్కి తగ్గాయి. నాకు ఇక్కడ ఆసక్తిగా అనిపించేది ఆ తగ్గడం వెనకున్న కారణం. మనసు మారి తగ్గలేదు, మార్కెట్ పోతుందని తగ్గారు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి దక్షిణ అమెరికా దేశాల స్నేహం అమెరికాకు అవసరమైంది. 1940లో ప్రభుత్వం నెల్సన్ రాక్‌ఫెల్లర్ నాయకత్వంలో ఒక ప్రత్యేక కార్యాలయం పెట్టి, ఆ దేశాలను మంచిగా చూపించమని హాలీవుడ్‌ను ప్రోత్సహించింది. బందిపోటు పోయి కార్మెన్ మిరాండా వచ్చింది. తల మీద పళ్ళ బుట్ట, ఒళ్ళంతా రంగులు, వచ్చీరాని ఇంగ్లీషు, నవ్వు, పాట. ఆమె గొప్ప గాయని, బ్రెజిల్‌లో అప్పటికే పెద్ద స్టార్. హాలీవుడ్‌లో మాత్రం చివరిదాకా అదే బుట్ట మోయించారు. అదే కాలంలో మెక్సికో నటి లూపే వెలెజ్‌ను 'మెక్సికన్ స్పిట్‌ఫైర్' అనే వరస సినిమాల్లో అరిచే, గొడవపడే, మాటలు తప్పుగా పలికే భార్యగా పెట్టారు. ఉద్దేశం మంచిదైనా మూస మూసగానే ఉంటుందని చెప్పడానికి నేను క్లాసులో ఈ దశనే ఎక్కువసేపు చెబుతాను. చిత్రణ సానుకూలంగా ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నవ్వించే మనిషిని ఎవరూ ద్వేషించరు. అయితే ఆమెను బ్యాంకు మేనేజరుగా ఊహించలేరు కూడా.

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాఠాలు చెప్పిన చార్ల్స్ రమిరెజ్ బెర్గ్ ఈ పాత్రలను ఆరు రకాలుగా విడదీశారు. మగవాళ్ళలో బందిపోటు, విదూషకుడు, లాటిన్ ప్రేమికుడు. ఆడవాళ్ళలో కాముకురాలు, నవ్వించే గయ్యాళి, అందీ అందని నల్లకళ్ళ అందగత్తె. ఇవాళ్టి సీరీస్‌లకు దీన్ని పెట్టి చూడండి. గుర్రం బదులు ఖరీదైన కారు, తుపాకీ బదులు ఇంకా పెద్ద తుపాకీ. బందిపోటే కార్టెల్ డాన్ అయ్యాడు.

ఇక పాత్ర బాగున్నచోట ఆ పాత్ర వేసే అవకాశం వాళ్ళకు దక్కలేదు. 1952లో మెక్సికో విప్లవ నాయకుడు సపాటాగా మార్లన్ బ్రాండో వేశాడు. 1958లో 'టచ్ ఆఫ్ ఈవిల్'లో నిజాయితీపరుడైన మెక్సికన్ అధికారిగా చార్ల్టన్ హెస్టన్ ముఖానికి రంగు పూసుకున్నాడు. 1961 నాటి 'వెస్ట్ సైడ్ స్టోరీ' న్యూయార్క్‌లోని ప్యూర్టోరికన్ల కథ. నాయిక మారియాగా రష్యన్ వలస కుటుంబంలో పుట్టిన నాటలీ వుడ్, ఆమె అన్నగా గ్రీకు మూలాలున్న జార్జ్ చకిరిస్. ప్రధాన నటుల్లో నిజమైన ప్యూర్టోరికన్ రీటా మొరెనో. ఆమెకు కూడా ముదురు గోధుమ రంగు పూశారు! ప్యూర్టోరికన్లు అందరిదీ ఒకే రంగు కాదు, మాలో అన్ని రంగులవాళ్ళూ ఉంటారని ఆమె మేకప్ మనిషికి చెప్పినా వినలేదని తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో బాధగా గుర్తుచేసుకున్నారు. ఆ పాత్రకు ఆమెకు ఆస్కార్ వచ్చింది. వచ్చాక మంచి పాత్రలు వస్తాయనుకున్నారు. మళ్ళీ అవే గ్యాంగుల కథలు తెస్తే ఒప్పుకోలేక కొన్నేళ్ళు సినిమాలకు దూరంగా ఉన్నారు. మా క్లాసులో అమ్మాయిలు ఈ సంగతి విన్నప్పుడు గది నిశ్శబ్దమైపోతుంది. ఆస్కార్ గెలిచిన నటికే ఆ గతి పట్టిందంటే మామూలు నటుల సంగతి చెప్పక్కర్లేదు.

మామూలు నటుల సంగతి అంటే నాకు లూపే ఒంటివెరోస్ గుర్తొస్తారు. టెక్సాస్‌లోని ఎల్‌పాసోలో పుట్టారు, డిగ్రీ చదివి, నటన కన్నా ముందు సోషల్ వర్కరుగా పనిచేశారు. తన కెరీర్‌లో నూట యాభై సార్లయినా పనిమనిషి వేషం వేసుంటానని ఆమె లెక్క. ఆడిషన్‌లో చక్కటి ఇంగ్లీషు మాట్లాడితే పాత్ర రాదని చెప్పేవారు. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా అనాలి. ఇళ్ళల్లో పనిచేయడం చిన్నతనం కాదు, నా విద్యార్థుల్లో ఆ పని చేసే తల్లుల పిల్లలు చాలామంది ఉన్నారు. పనిమనిషి పాత్ర ఉండటం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఆమెకు పేరుండదు, ఇల్లుండదు, సొంత కోరిక ఉండదు. టవల్ ఇచ్చి ఫ్రేములోంచి వెళ్ళిపోతుంది. ఫిర్యాదు దాని మీద. 2018లో అల్ఫోన్సో కువరాన్ తీసిన 'రోమా'లో నాయిక కూడా ఇంటి పనిమనిషే. యాలిట్జా అపరీసియో వేసిన ఆ పాత్రకు ప్రేమ ఉంది, భయం ఉంది, మాతృభాష ఉంది. పని అదే, మనిషి మాత్రం మొదటిసారి పూర్తిగా కనిపించింది.

1983 నాటి 'స్కార్‌ఫేస్' గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన కుర్రాళ్ళ హాస్టల్ గదుల్లో ఆ పోస్టర్ ఇప్పటికీ కనిపిస్తుంది. 1980లో క్యూబాలోని మరియెల్ రేవు నుంచి దాదాపు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడా చేరారు. వాళ్ళలో నేరచరిత్ర ఉన్నవాళ్ళు కొద్దిమందే. సినిమా ఆ కొద్దిమందిలో ఒకణ్ణి తీసుకుని కొకైన్ రాజును చేసింది. వేసినవాడు ఇటాలియన్ అమెరికన్ అయిన అల్ పచీనో. మయామీ క్యూబన్లు అభ్యంతరం చెప్పడంతో షూటింగ్‌లో చాలా భాగం లాస్ ఏంజెలెస్‌కి మార్చుకున్నారు, చివర్లో ఒక వివరణ కార్డు వేశారు. ఆ కార్డు ఎవరికి గుర్తుంది? కొకైన్ గుట్ట ముందు కూర్చున్న మనిషి మాత్రం ప్రపంచానికంతా గుర్తున్నాడు.

పాత్రలతోనే ఆగదు, రంగు కూడా పనిచేస్తుంది. 2000లో వచ్చిన 'ట్రాఫిక్'లో మెక్సికో దృశ్యాలన్నీ పసుపు రంగులో, మండిపోతున్నట్టు ఉంటాయి. అమెరికా దృశ్యాలు చల్లగా ఉంటాయి. దర్శకుడికి కథలు కలిసిపోకుండా చూడటానికి అది ఒక పద్ధతి. తర్వాత ఎందరో దాన్ని అలవాటుగా చేసేశారు. ఎడిటింగ్ చేసినవాడిగా చెబుతున్నాను, కలర్ గ్రేడింగ్‌లో ఆ మార్పు క్షణాల పని. దాంతో ఆకాశం మురికిపడుతుంది, చెట్లు ఎండిపోయినట్టు కనిపిస్తాయి, ఊరంతా రోగం వచ్చినట్టు ఉంటుంది. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న చల్లటి నగరం. తెర మీద అది ఎప్పుడూ ఎడారే. ఇదే పసుపు 2020లో ఢాకా నేపథ్యంగా వచ్చిన ఒక యాక్షన్ సినిమాకూ పూశారు. బంగ్లాదేశ్ ప్రేక్షకులు తమ పచ్చటి ఊరును గుర్తుపట్టలేకపోయారు.

ఇంకో రకం అన్యాయం తక్కువమంది కంటపడుతుంది, మనిషిని చెడ్డగా చూపకుండా అసలు లాటినో అన్న సంగతే తుడిచేయడం. గణితవేత్త జాన్ నాష్ భార్య అలీసియా ఎల్‌సాల్వడార్‌లో పుట్టి ఎంఐటీలో భౌతికశాస్త్రం చదివిన స్త్రీ. 2001లో వచ్చిన సినిమాలో ఆ పాత్ర జెనిఫర్ కానెలీకి వెళ్ళింది, ఆమె పుట్టిన దేశం ఊసే లేదు. డ్రగ్స్ అమ్మేవాడికి యాస ఖాయం, ఫిజిక్స్ చదివిన ఆవిడకు మాత్రం మూలమే లేదు. ఈ రెండూ కలిపి చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

టీవీ కామెడీల సంగతి త్వరగా ముగిస్తాను. 1951లో 'ఐ లవ్ లూసీ'లో క్యూబా నుంచి వచ్చిన నటుడు డెసి ఆర్నాజ్ భర్తగా వేశాడు. అమెరికన్ భార్యకు క్యూబన్ భర్తను జనం ఒప్పుకోరని నెట్‌వర్క్ మొదట సందేహించింది. జనం బ్రహ్మాండంగా ఒప్పుకున్నారు. 'మోడర్న్ ఫ్యామిలీ'లో సోఫియా వెర్గారా పాత్ర ఆ పాత గయ్యాళి అందగత్తెకు కొత్త రూపమని కొందరు అంటారు, తల్లిగా ఆమెకు లోతు ఉందని మరికొందరు అంటారు. నేను రెండోవాళ్ళ వైపు కొంచెం మొగ్గుతాను. కానీ ఆమె సహజంగా బంగారు రంగు జుట్టు మనిషి. లాటినాలా కనిపించడానికి నల్లరంగు వేసుకోవాల్సి వచ్చింది. రీటా మొరెనో మేకప్ నుంచి ఇక్కడికి మనం ఎంత దూరం వచ్చామో మీరే చెప్పండి. రంగు పట్టింపు లాటినోల సొంత తెర మీదా ఉంది. స్పానిష్ ఛానళ్ళ సీరియళ్ళలో నాయికలు తెల్లగా, పనివాళ్ళు నల్లగా ఉండటం పాత అలవాటు. 2021లో 'ఇన్ ద హైట్స్' సినిమా వచ్చినప్పుడు, నల్లటి డొమినికన్లు ఎక్కువగా ఉండే పేట కథలో ప్రధాన పాత్రలన్నీ లేతరంగువాళ్ళకే ఇచ్చారని విమర్శ వచ్చింది. దాని సృష్టికర్త లిన్ మాన్యుయెల్ మిరాండా బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

ఇక వార్తలు. సినిమా చూసేటప్పుడు ఇది కథ అన్న స్పృహ కొంచెమైనా ఉంటుంది. వార్తకు ఆ అడ్డు కూడా ఉండదు. కాబట్టి నా దృష్టిలో ఇదే ముఖ్యమైన భాగం.

న్యూస్‌రూమ్‌లో మూస ఎలా తయారవుతుందో చెబుతాను. బులెటిన్‌కి ఇంకా కాసేపే టైమ్ ఉంటుంది. రిపోర్టర్ స్క్రిప్ట్ వస్తుంది: వలస చట్టం మీద సెనేట్‌లో చర్చ. ఇరవై సెకన్ల వాయిస్ మీద వేయడానికి విజువల్స్ కావాలి. ఎడిటర్ లైబ్రరీలో 'ఇమిగ్రేషన్' అని వెతుకుతాడు. వచ్చేవి ఏమిటి? ఇనుప కంచె, సరిహద్దులోని రియో గ్రాండే నదిలో నడుస్తున్న మనుషులు, నేల మీద వరసగా కూర్చోబెట్టినవాళ్ళ వీపులు, బోర్డర్ పెట్రోల్ వాహనం. అవే పడతాయి. రేపు లాటినో ఓటర్ల మీద కథ వస్తే మళ్ళీ అవే పడే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఓటేసే లాటినో టీచర్ని, మందుల షాపులో పనిచేసే లాటినా ఫార్మసిస్టుని ఎవరూ ముందుగా షూట్ చేసి పెట్టలేదు. ఎవరికీ దురుద్దేశం ఉండక్కర్లేదు. గడియారం, ఫైల్ ఫుటేజ్, అలవాటు చాలు. హెచ్‌1బీ వీసాతో వచ్చిన తెలుగువాడూ వలసదారుడే, కెనడా నుంచి వచ్చినవాడూ వలసదారుడే. కానీ మాటకు బొమ్మ ఒక్కటే స్థిరపడిపోయింది.

నేరవార్తలదీ ఇంతే. పోలీసు స్కానర్ వింటే కథ దొరుకుతుంది, మగ్‌షాట్ (అరెస్టైనవాడి ఫొటో) పోలీసులే ఇస్తారు, హెలికాప్టర్ ఉంటే విజువల్స్ సిద్ధం. మిగతా వార్తలతో పోలిస్తే చౌక. ఒక పేటకు నేరం జరిగినప్పుడే కెమెరా వెళ్తే ఆ పేటలో నేరం తప్ప ఏమీ జరగదని చూసేవాడికి అనిపిస్తుంది. లాస్ ఏంజెలెస్ లోకల్ టీవీ వార్తలను వాస్తవ నేర గణాంకాలతో పోల్చిన ట్రావిస్ డిక్సన్, డేనియల్ లింజ్‌లు నేర బాధితులుగా లాటినోలను ఉన్నదానికన్నా తక్కువగా, తెల్లవాళ్ళను ఎక్కువగా చూపిస్తున్నారని తేల్చారు. డిక్సన్ తర్వాత చేసిన మరో పరిశీలనలో జాతీయ ఛానళ్ళు పత్రాలు లేని వలసదారులుగా లాటినోలను వాస్తవాన్ని మించి చూపిస్తున్నట్టు వెల్లడైంది. లాటినో జర్నలిస్టుల జాతీయ సంఘం కొన్నేళ్ళపాటు పెద్ద నెట్‌వర్కుల సాయంత్రం వార్తలను లెక్కపెట్టింది. లాటినోల గురించిన కథలు ఒక శాతం చుట్టుపక్కలే తిరిగాయి. ఆ ఒక్క శాతంలో కూడా వలస, నేరం పెద్ద వాటా.

దీని ఫలితం ఎలా ఉంటుందో 2012లో ఒక సర్వే చూపించింది. జాతీయ హిస్పానిక్ మీడియా కూటమి చేయించిన ఆ సర్వేలో లాటినోలు కానివాళ్ళలో 30 శాతానికి పైగా, లాటినోలలో సగం లేదా అంతకన్నా ఎక్కువమంది పత్రాలు లేనివాళ్ళేనని అనుకుంటున్నారు. ఐదుగురిలో నలుగురు పౌరులని పైన చెప్పాను. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం మొత్తం ఆ ఫైల్ ఫుటేజ్ పనే అనను, రాజకీయ నాయకుల మాటలు కూడా ఉన్నాయి. కానీ ఆ మాటలకు బొమ్మలు సరఫరా చేసింది మేమే.

పత్రికలు ఇంతకన్నా ఘోరం చేసిన సందర్భం ఉంది. 1943 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో నావికులు, సైనికులు గుంపులుగా తిరిగి, వదులు సూట్లు వేసుకున్న మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళను సినిమా హాళ్ళ నుంచి, ట్రాముల నుంచి బయటికి లాగి, కొట్టి, బట్టలు చింపేశారు. పోలీసులు ఎక్కువగా దెబ్బలు తిన్నవాళ్ళనే అరెస్టు చేశారు. నగర పత్రికలు దాన్ని గూండాలకు సైనికులు నేర్పిన పాఠంగా రాశాయి. అంతకు ముందు ఏడాది పైగా ఆ కుర్రాళ్ళను 'గ్యాంగులు' అంటూ వరసగా రాసి పరిస్థితిని అక్కడిదాకా తెచ్చినవీ అవే పత్రికలు. ఇది జాతి వివక్ష అని అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ అంటే, ఆమె కమ్యూనిస్టుల మాట మాట్లాడుతోందని లాస్ ఏంజెలెస్ టైమ్స్ సంపాదకీయం రాసింది.

అదే పత్రిక నలభై ఏళ్ళకు వేరే పని చేసింది. 1983లో అక్కడి లాటినో సంపాదకులు, రిపోర్టర్లు, ఫొటోగ్రాఫర్లు కలిసి దక్షిణ కాలిఫోర్నియా లాటినోల జీవితం మీద పెద్ద వరస కథనాలు రాశారు. గ్యాంగులు, వలసల వార్తలు తప్ప తమ ఇళ్ళు, చదువులు, వ్యాపారాలు పేపర్లో కనిపించడం లేదన్న అసంతృప్తే దానికి మూలం. 1984లో ఆ పనికి ప్రజాసేవా విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. పేపరు అదే, ఊరు అదే. రాసే గదిలో మనుషులు మారారు. మూసపాత్రకు మందేమిటని ఎవరడిగినా నేను ఈ ఉదాహరణే చెబుతాను. ఆ గది ఇంకా పూర్తిగా మారలేదు. 2019లో మీడియా ఉద్యోగుల్లో హిస్పానిక్‌లు 12 శాతం, మిగతా రంగాల్లో 18 శాతం అని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్క తేల్చింది.

తప్పుడు చిత్రణ మనసు నొప్పించడంతో ఆగదు. 2019 ఆగస్టు 3న ఎల్‌పాసో వాల్‌మార్ట్‌లో ఒకడు కాల్పులు జరిపి 23 మందిని పొట్టనపెట్టుకున్నాడు. టెక్సాస్ మీద హిస్పానిక్‌ల దండయాత్రకు ఇది జవాబని ముందుగా రాసి పెట్టాడు. దండయాత్ర అన్న మాట వాడికి కొత్తగా తోచింది కాదు. అంతకు ముందు నెలల తరబడి కొన్ని ఛానళ్ళలో, సభల్లో మోగిన మాటే. చచ్చిపోయినవాళ్ళు బడి తెరిచే ముందు పిల్లలకు సామాన్లు కొనడానికి వచ్చినవాళ్ళు, శనివారం పొద్దున సరుకులకు వచ్చిన ముసలివాళ్ళు. మన తెలుగువాళ్ళకు ఇది దూరపు సంగతి కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేతాలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరును, ఇరానీ అనుకుని, నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. తెర మీద ఒక గుంపు ముఖానికి భయాన్ని అంటిస్తే, ఆ భయం ఉన్నవాడు ఎదుటి మనిషి పాస్‌పోర్టు అడిగి కాల్చడు.

అందుకే మన అసోసియేషన్ డిన్నర్లలో, వాట్సాప్ గ్రూపుల్లో "మెక్సికన్ ఏరియా" అని ఒక్క మాటలో తీసిపారేయడం వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. మీ అపార్ట్‌మెంట్ ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతాను. 2012 నుంచి 2018 వరకు టెక్సాస్ ప్రజా భద్రతా శాఖ అరెస్టు లెక్కలు తీసుకుని చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. పత్రాలు లేని వలసదారులు తీవ్రమైన నేరాల్లో అరెస్టయ్యే రేటు ఇక్కడే పుట్టిన అమెరికన్ల కన్నా తక్కువగా ఉంది. ఇల్లు చూసుకునేటప్పుడు ఆ వీధి నేరాల వివరాలు పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో చూడండి, రాత్రిపూట ఒకసారి అటు వెళ్ళి రండి, లీజు జాగ్రత్తగా చదవండి. పక్కింటివాళ్ళ ఇంటిపేరు గార్సియానా, రెడ్డినా అన్నది ఆ లెక్కలోకి రాదు.

మార్పు రాలేదని కూడా అనను. 2013లో డిస్నీ, చనిపోయిన పెద్దలను తలుచుకునే మెక్సికన్ పండగ పేరునే ట్రేడ్‌మార్క్ చేయబోయింది. జనం మండిపడ్డారు, వెనక్కి తగ్గింది. కార్టూన్లతో తీవ్రంగా విమర్శించిన లాలో అల్కరాజ్‌నే తర్వాత సలహాదారుగా పెట్టుకుంది. 2017లో ఆ పండగ మీద వచ్చిన 'కోకో' సినిమాలో ఆ ఇల్లు, ఆ ముసలమ్మ నిజమైనవాళ్ళలా ఉండటానికి అలాంటి వాళ్ళు గదిలో ఉండటం కారణం. మరోవైపు, 2013 నుంచి 2018 వరకు వచ్చిన ఆరేళ్ళ సినిమాలకు ఉత్తమ దర్శకుడి ఆస్కార్ ఐదుసార్లు మెక్సికన్ దర్శకులకే దక్కింది. అది చూసి లాటినోలకు తలుపులు తెరుచుకున్నాయని చాలామంది పొరబడతారు. వాళ్ళు మెక్సికోలో పెరిగి, అక్కడే పేరు తెచ్చుకుని వచ్చిన మహానుభావులు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోనో శాన్ ఆంటోనియోలోనో పుట్టి, తన వీధి కథ తీయాలనుకునే పిల్లకు ఆ అవార్డుల వల్ల తలుపు తెరుచుకోలేదు. క్యూబన్ అమెరికన్ కుటుంబం మీద నడుస్తున్న 'వన్ డే ఎట్ ఎ టైమ్'ను నెట్‌ఫ్లిక్స్ 2019లో మూడు సీజన్లకే ఆపేసింది. కార్టెల్ కథలకు మాత్రం కొనసాగింపులు వస్తూనే ఉన్నాయి.

మీరు ఇష్టపడే సీరీస్‌లు మానేయమని చెప్పను. చూసేటప్పుడు ఒకటి గమనించండి చాలు: ఆ కథలో నేరంతో సంబంధం లేని లాటినో మనిషి ఎవరైనా ఉన్నారా, వాళ్ళకు పేరు ఉందా, వాళ్ళకంటూ ఒక సాయంత్రం ఉందా?

వాటితోపాటు కొన్ని వేరేవి కూడా చూడండి. 'ఎల్ నోర్తే', 'రియల్ విమెన్ హావ్ కర్వ్స్' రెండూ మంచివి. అయితే ఎంసెట్, ఐఐటీ ఒత్తిడి చూసి వచ్చినవాళ్ళకు నేను మొదట చెప్పేది 1988లో వచ్చిన 'స్టాండ్ అండ్ డెలివర్'. బొలీవియాలో పుట్టిన హైమే ఎస్కలాంటే ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూల్లో కాల్క్యులస్ చెప్పాడు. 1982లో ఆయన విద్యార్థులు 18 మంది కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష పాసైతే, 14 మంది మీద కాపీ అనుమానం వచ్చింది. పన్నెండు మంది మళ్ళీ పరీక్ష రాసి మళ్ళీ పాసయ్యారు. జవాబుల్లో కనిపించిన పోలికల వల్లే అనుమానించామని పరీక్ష సంస్థ అంది. పేద మెక్సికన్ పేట పిల్లలు కాకపోతే అంత తొందరగా అనుమానించేవాళ్ళా అన్నది ఎస్కలాంటే ప్రశ్న. సినిమాలో ఒకటే లోపం ఉంది. ఆ స్కూల్లో కాల్క్యులస్ దాకా పిల్లల్ని తీసుకురావడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. కింది తరగతుల నుంచీ లెక్కలు గట్టి చేసుకుంటూ వచ్చాడు. సినిమా దాన్ని చాలా తక్కువ కాలంలో జరిగినట్టు చూపిస్తుంది. అది దృష్టిలో పెట్టుకుని చూడండి.